ట్రెక్కింగ్ కర్రలు, అడుగులు, కొండదారి కోత: ఏది ఎంత నష్టం చేస్తుంది?

పాడేరు దగ్గరి వంజంగి కొండకు ఏటా వెళ్లే మీ బృందంలో తలెత్తిన వివాదాన్ని వివరంగా రాశారు. ట్రెక్కింగ్ కర్రల మొనలు దారి పొడవునా గుంతలు చేస్తున్నాయనీ, ఆ గుంతల వల్లే వానలు వెలిశాక దారి కాలువలా కోసుకుపోయి కనిపిస్తోందనీ కొందరు అంటున్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కర్ర లేనిదే దిగలేమంటున్నారు. ఇకపై ఎవరూ కర్రలు తేకూడదన్న నియమం పెట్టాలా అన్నది మీ ప్రశ్న.

ఆ నియమం వద్దన్నది నా సమాధానం. కర్ర హాని చేయదని నేను చెప్పడం లేదు. అది చేసే హాని దారి మధ్యలో స్వల్పం, దారి అంచున గణనీయం. అయితే మీరు చూసిన కాలువను తవ్వింది కర్రా కాదు, అడుగూ కాదు, నీరు. అడుగు ఆ నీటికి దారి సిద్ధం చేసి పెడుతుంది, కర్ర అక్కడక్కడ దానికి తోడవుతుంది. కొండవాలు భూముల్లో మట్టి, నీటి సంరక్షణ పనుల్లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. అందులో కొన్నేళ్లు తూర్పు కనుమల్లో కాలిబాటలను బాగుచేయడంలోనే గడిచాయి. ఆ అనుభవంతో, ఈ విషయంపై జరిగిన పరిశోధనల్లో నాకు బాగా తెలిసిన వాటితో ఈ వివరణ ఇస్తున్నాను.

ముందుగా ఒక్క అడుగును జాగ్రత్తగా గమనించండి. నేలను మొదట తాకేది మడమ వెనుక అంచు. ఆ క్షణంలో శరీరపు బరువంతా ఆ చిన్న చోటనే పడి, మట్టిని ముందుకు నెడుతుంది. తర్వాత పాదం మొత్తం ఆనుతుంది, బరువు పరుచుకుంటుంది. చివరగా మునివేళ్లు నేలను వెనక్కి తన్నితే శరీరం ముందుకు కదులుతుంది. మొదటి, చివరి దశలు మట్టి రేణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీస్తాయి. మధ్య దశ మట్టిని అదుముతుంది. కాబట్టి ఒకే అడుగు ఒకేసారి రెండు విరుద్ధమైన పనులు చేస్తోంది: పైపొరను వదులు చేస్తోంది, దాని కింది పొరను గట్టిపరుస్తోంది. కోతకు ఇంతకంటే అనువైన ఏర్పాటు మరొకటి ఉండదు. అదిమిన నేలలో నీరు ఇంకే పెద్ద రంధ్రాలు మూసుకుపోతాయి గనుక వాన నీరు లోపలికి దిగక పైన పారుతుంది, పారే నీటికి తీసుకుపోవడానికి పైన వదులు మట్టి సిద్ధంగా ఉంటుంది.

దిగుడులో ఇది మరింత తీవ్రమవుతుంది. ఎక్కేటప్పుడు మనిషి పాదాన్ని మెల్లగా ఆనిస్తాడు. దిగేటప్పుడు మడమతో వేగాన్ని ఆపుకుంటాడు, ఆపలేకపోతే జారతాడు. ఒక్క జారుడు అరచేయి మందాన మట్టిని అడుగు దూరం కిందికి జరపగలదు. గట్టి నేల మీద సన్నని గులకరాళ్లు పరుచుకున్న చోట ఈ జారుడు దాదాపు ప్రతి మనిషికీ తప్పదు. కొండదారిలో ఎక్కువ నష్టం ఎక్కడ జరుగుతోందని నన్నెవరైనా అడిగితే, దిగుడు మలుపుల దగ్గర చూడమంటాను.

ఇక నీటి లెక్క చూద్దాం. మీటరు వెడల్పు, వంద మీటర్ల పొడవు ఉన్న దారి కొండవాలు వెంట నిటారుగా కిందికి దిగుతోందనుకోండి. దాని మీద 30 మిల్లీమీటర్ల వాన కురిస్తే, పక్క వాలు నుంచి వచ్చే నీటిని లెక్కలోకి తీసుకోకపోయినా, దారి మీద పడిన నీరే 3,000 లీటర్లు. అదిమిన నేలలో అందులో సగం ఇంకినా మిగతా 1,500 లీటర్లు దారి వెంటే పరుగెడతాయి. పైన పలుచగా మొదలైన పొర కిందికి వచ్చేసరికి లోతూ వేగమూ గల పాయ అవుతుంది. పారే నీటి వేగం రెట్టింపయితే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుందన్నది నీటి ప్రవాహ శాస్త్రంలో పాత సూత్రం. నిజమైన వాగుల్లో లెక్క ఇంత సూటిగా ఉండదు గానీ, దారి పైభాగంలో మట్టి మాత్రమే కదిలి, కింది భాగంలో పిడికెడు రాళ్లు కూడా ఎందుకు కొట్టుకుపోతాయో దాని వల్ల తెలుస్తుంది.

అమెరికాలోని మోంటానా రాష్ట్రపు కొండదారులపై జాన్ విల్సన్, జోసెఫ్ సీనీ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. నడిచేవాళ్లు, గుర్రాలు, మోటారు సైకిళ్లు, మామూలు సైకిళ్లు ఒకే రకం దారుల మీద వెళ్లినప్పుడు ఎంత మట్టి వదులవుతుందో వాళ్లు కృత్రిమ వాన కురిపించి కొలిచారు. గిట్టలు, పాదాలు కలిసి చక్రాల కంటే ఎక్కువ మట్టిని కొట్టుకుపోవడానికి సిద్ధం చేశాయి. ముందే తడిపి ఉంచిన దారుల మీద ఆ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. చాలామందికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. మన పాదం మెత్తనిదన్న నమ్మకం మనకు బలంగా ఉంది. నిజానికి, ఆగుతూ మోపుతూ తన్నుతూ సాగే నడక, దొర్లుతూ పోయే చక్రం కంటే మట్టిని ఎక్కువగా కదిలిస్తుంది. ఈ ఫలితంలో నేను అన్నిటికంటే ముఖ్యమని భావించేది తడి గురించిన భాగం. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు కర్ర విషయం. దాని చివర ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ (అతి గట్టి పదార్థం) మొన సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. 70 కిలోల మనిషి పాదం నేల మీద పూర్తిగా ఆనినప్పుడు చదరపు సెంటీమీటరుకు పడే బరువు అర కిలో లోపే. కర్ర మీద అయిదు కిలోల భారం వేసినా, దాని మొన కింద ఒత్తిడి అంతకు పది రెట్లు దాటుతుంది. కర్రను నిందించేవాళ్ల వాదనలో నిజం ఇక్కడే ఉంది: అది గునపంలా గుచ్చుకుంటుంది. అయితే ఒత్తిడి ఎంత అన్నది ఒక సంగతి, కదిలిన మట్టి ఎంత అన్నది మరో సంగతి. కిలోమీటరు నడకలో మనిషి దాదాపు 1,400 అడుగులు వేస్తాడు, రెండు కర్రలు వాడితే దాదాపు అన్నిసార్లే కర్ర మోపుతాడు. మెత్తని నేలలో ఒక్కో పోటు రెండు సెంటీమీటర్ల లోతు దిగితే, కిలోమీటరుకు కదిలిన మట్టి మొత్తం రెండు లీటర్ల పైచిలుకు. తడి వాలు మీద ఒక్కో అడుగు అరచేతి విస్తీర్ణంలో, అంటే సుమారు వంద చదరపు సెంటీమీటర్లలో, మిల్లీమీటరు మందం పొరను జరిపినా అదే కిలోమీటరుకు 14 లీటర్లు అవుతుంది. ఇవి కొలిచిన అంకెలు కావు, పరిమాణం అర్థం కావడానికి వేసిన లెక్కలు. పైగా కర్ర గుచ్చిన మట్టిలో చాలా భాగం పక్కకూ కిందికీ ఒదుగుతుందే తప్ప పైకి లేచి వదులవదు. అడుగు జరిపిన మట్టి మాత్రం పైనే, నీటికి అందుబాటులో ఉంటుంది.

మరి కర్ర చేసే అసలు హాని ఎక్కడ? అంచున. పాదాలు దారి మధ్యలో పడతాయి. కర్రలు శరీరానికి రెండు పక్కలా, పాదాలకు ఓ జానెడు బయట పడతాయి. సన్నని కాలిబాట మీద ఆ జానెడే దారి అంచు, దాన్ని పట్టి నిలిపే గడ్డి వేళ్ల మొదలు. వేళ్లు కట్టిపడేసిన ఆ అంచే నీరు పక్కకు కోసుకోకుండా కాపాడుతోంది. అక్కడ వరుసగా గుంతలు పడితే గడ్డి దుబ్బులు వదులవుతాయి, అంచు పెళ్లలుగా విరుగుతుంది, దారి వెడల్పవుతుంది. కింది వైపు అంచు అప్పటికే నీటి వల్ల బలహీనపడి ఉంటే, కర్ర గుచ్చడం గోరుచుట్టు మీద రోకటిపోటే. ఎక్కేటప్పుడు కర్రను వెనక్కి గట్టిగా నెట్టే అలవాటున్నవాళ్లు గుంత కాదు, గీత గీస్తారు; ఆ గీత వాలు వెంటే ఉంటుంది గనుక మొదటి వానకు అది చిన్న పిల్లకాలువగా పనిచేస్తుంది. బండల మీద ఇదే మొన తెల్లటి గీతలు పెడుతుంది, ఏళ్ల తరబడి రాతికి అంటిపెట్టుకుని నాచులా పెరిగిన లైకెన్లను చెక్కేస్తుంది. అది మట్టి కోత కాకపోయినా నష్టమే.

దీనికి ఎదురుగా కర్ర చేసే మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 25 డిగ్రీల వాలు దిగుతున్నవాళ్లను పరీక్షించి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కర్రలు వాడినప్పుడు కాలి మీద, మోకాలి కీలు మీద పడే బలాలు 12 నుంచి 25 శాతం వరకు తగ్గాయి. ఆ అధ్యయనం మోకాళ్ల కోసం చేసింది, మట్టి కోసం కాదు. అయినా కాలి మీద తగ్గిన భారం పాదం కింది నేల మీద కూడా తగ్గినట్టే. అంతకంటే ముఖ్యంగా, దిగుడులో కర్ర ఊతమున్న మనిషి జారడం తక్కువ. జారకపోతే మట్టిని ఈడ్చుకురాడు, జారతానన్న భయంతో దారి వదిలి పక్కనున్న గడ్డి మీదకు పోడు. వంజంగి లాంటి దిగుడులో మోకాళ్ల నొప్పులున్న మనిషి కర్ర లేకుండా అడ్డంగా తిరిగి, పాదాలను పక్కగా ఈడుస్తూ దిగితే జరిగే హాని, అదే మనిషి కర్రతో దిగితే జరిగే హాని కంటే ఎక్కువని నా పరిశీలన. కాబట్టి కర్రలు నిషేధించాలన్న ఆలోచన మట్టి వైపు నుంచి చూసినా నిలవదు.

వంజంగి సంగతికొద్దాం. అక్కడి కొండలు తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న ఖోండలైట్ రాతి కొండలు. ఆ రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి ఎండినప్పుడు గట్టిగా ఉండి, తడిసినప్పుడు కాలికి అంటుకునేంత మెత్తనవుతుంది. కొండ కింద సముద్రంలా పరుచుకునే మేఘాలను చూడాలంటే సూర్యోదయానికి ముందే పైకి చేరాలి. అంటే అందరూ ఒకే వేళకు, చీకట్లో, మంచుకు తడిసిన నేల మీద, తొందరగా నడుస్తారు. వానలు వెలిసి మేఘాలు బాగా కనిపించే నెలల్లోనే నేల ఇంకా తేమగా ఉంటుంది. మోంటానా ఫలితంలో తడి గురించిన మాటను ఇక్కడ గుర్తు చేసుకోండి: మట్టి అతి తేలికగా కదిలే వేళనే అత్యధిక జనం దాని మీద నడుస్తున్నారు. చీకట్లో దారి కనిపించక పక్కలకు పోయేవాళ్లు, బురద తప్పించుకోవడానికి అంచు మీద నడిచేవాళ్లు, నలుగురు నలుగురుగా పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకునేవాళ్లు, మెలిక చుట్టి రావడం ఎందుకని నేరుగా కిందికి దిగేవాళ్లు కలిసి ఒక్క దారిని మూడు నాలుగు దారులు చేస్తారు. మెలికను కోసే అడ్డదారి కచ్చితంగా నీరు పారే దిక్కులోనే ఉంటుంది. వాన కురిసినప్పుడు మెలిక దారి నీళ్లన్నీ దానిలోకే దిగుతాయి. నేను చూసిన లోతైన కోతల్లో చాలా వాటి పుట్టుక ఇలాంటి అడ్డదారే.

గడ్డి మీద నడక గురించి ఒక మాట. తొక్కుడు వల్ల మొక్కలకు జరిగే నష్టాన్ని కొలవడానికి డేవిడ్ కోల్, నీల్ బేఫీల్డ్ 1993లో ఒక ప్రామాణిక పద్ధతిని ప్రతిపాదించారు. అర మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు గల పట్టీల మీద 25, 75, 200, 500 సార్ల చొప్పున మనుషులను నడిపించి, మిగిలిన పచ్చదనాన్ని లెక్కగట్టే పద్ధతి అది. ఇలాంటి ప్రయోగాల్లో పదే పదే తేలిన విషయం, నష్టంలో పెద్ద భాగం మొదటి కొద్దిపాటి నడకలతోనే జరిగిపోతుందని. ఇప్పటికే బోడిగా మారిన దారి మీద మరో వందమంది నడిస్తే అదనంగా పోయే పచ్చదనం స్వల్పం. ఎవరూ తొక్కని గడ్డి మీద పాతికమంది నడిస్తే చాలు, కొత్త దారి గీత పడుతుంది. బురద వచ్చినా దారి మధ్యలోంచే నడవాలని చెప్పడానికి కారణం ఇదే. బూటు తడవడానికి ఇష్టపడని ఒక్కో మనిషి దారిని జానెడు వెడల్పు చేస్తున్నాడు.

అయితే దారి తీసిన తీరే తప్పయితే ఎంత జాగ్రత్తగా నడిచినా కోత ఆగదు. వాలు చేలో సాలు వాలుకు అడ్డంగా దున్నాలని మన రైతులందరికీ తెలుసు. కొండదారికీ అదే సూత్రం. దారుల నిర్మాణంలో ఒక లెక్క వాడతారు: దారి వాలు, అది సాగే కొండవాలులో సగం మించకూడదు. కొండవాలు 40 శాతం (అంటే వంద మీటర్లు అడ్డంగా సాగితే 40 మీటర్ల దిగుడు) ఉంటే దారి 20 శాతం లోపు ఉండాలి. దారి మొత్తం మీద సగటు వాలు 10 శాతం దాటకపోవడం మంచిది. సగం మించితే నీటికి పక్కకు దిగే వీలుండదు, దారినే కాలువ చేసుకుంటుంది. దారి ఉపరితలాన్ని బయటి అంచు వైపు కొద్దిగా వాల్చి ఉంచితే పడిన నీరు పడిన చోటే పక్కకు జారిపోతుంది. అక్కడక్కడ దిగుడును తుంచి, నాలుగడుగులు ఎగువకు నడిపించి, మళ్లీ దించితే ఆ పల్లం దగ్గర నీరు తప్పనిసరిగా బయటికి పోతుంది. రాళ్లతో గానీ దుంగతో గానీ ఏటవాలుగా వేసే మళ్లింపు కట్టలు రెండో ఎంపిక మాత్రమే. పనిలో చేరిన కొత్తలో మేం వాటిని దారికి సూటిగా అడ్డం పెట్టాం. ఒక్క వానాకాలంలోనే వాటి వెనక మట్టి నిండి, నీరు పైనుంచి దూకి, కట్ట కింద గుంత తవ్వింది. ఏటవాలుగా పెట్టి, ఏటా పూడిక తీస్తేనే అవి నిలుస్తాయి.

నిటారు వాలు తప్పనిసరి అయితే మెట్లే శరణ్యం. కొండవీటి రెడ్డి రాజ్యానికి పునాది వేసిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దిలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన సంగతి చరిత్రలో ఉంది. ఆయన భక్తుల సౌకర్యం కోసం చేసిన ఆ పని మట్టి శాస్త్రం దృష్టిలో కూడా సరైనదే: మెట్టు నిటారు వాలును చదును ముక్కలుగా కోస్తుంది, నీటి దూకుడును మట్టి మీద కాక రాతి మీద పడేస్తుంది. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలాది భక్తులు నల్లమల గుండా శ్రీశైలానికి నడిచి వస్తారు. అంతమంది అడుగులను ఒక వాలు మీద మట్టి భరించలేదు, రాయి భరిస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. మెట్టు ఎత్తు ఎక్కువైతే మోకాళ్లు నొప్పి పుట్టి, జనం మెట్ల పక్కనున్న మట్టి మీద నడుస్తారు. కొన్నాళ్లకు మెట్ల పక్కనే కాలువ పడి, చివరికి మెట్ల పునాది బయటపడుతుంది. ఎక్కడైనా మెట్లు కట్టేవాళ్లు పక్కన నడవడానికి వీల్లేకుండా పెద్ద బండలు పేర్చాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మీ బృందం హిమాలయాలకు కూడా వెళ్తోందని రాశారు గనుక అక్కడి గడ్డి మైదానాల గురించి ఒక హెచ్చరిక. మూడు వేల మీటర్లకు పైన ఉండే ఆ మైదానాల్లో (వాటిని బుగ్యాల్‌లు అంటారు) మొక్క పెరిగే కాలం ఏడాదికి కొద్ది నెలలే. తెగిన పచ్చిక తిరిగి అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా గుంతలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి, మట్టిని పైకెత్తి, పగలు కరిగి వదిలేస్తుంది. మన ఎర్రమట్టి దారిలో ఒక వానకు పూడిపోయే కర్ర గుంత అక్కడ ఏటేటా పెద్దదవుతుంది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించి, సందర్శకుల సంఖ్యను 200కు పరిమితం చేసింది. దయారా బుగ్యాల్‌లో కోసుకుపోయిన చోట్ల అటవీశాఖ కొబ్బరిపీచు చాపలు పరిచి నేలను నిలబెట్టే పని చేపట్టింది. అక్కడికి వెళ్లినప్పుడు పచ్చిక మీద కర్రలను మడిచి సంచికి కట్టుకోమని మీవాళ్లకు తప్పక చెప్పండి.

వంజంగి విషయంలో మీ బృందానికి నేను చెప్పేది ఇది. పెద్ద వాన పడిన రెండు రోజుల్లోపు వెళ్లకండి. అందరూ ఒకరి వెనక ఒకరు, దారి మధ్యలో నడవండి. చీకట్లో నడిచేటప్పుడు ముందు, వెనక దారి తెలిసినవాళ్లు ఉండాలి. కర్రలు అవసరమైనవాళ్లు వాటిని శరీరానికి దగ్గరగా, పాదాల గీతలోనే మోపాలి, అంచున గడ్డిలో గుచ్చకూడదు. గట్టి నేల మీద, బండల మీద రబ్బరు తొడుగు వేసుకోవాలి; తడి మట్టి దిగుడులో రబ్బరు జారుతుంది కాబట్టి అక్కడ తొడుగు తీసి మొననే వాడుకోవాలి, ఆ చోట మనిషి భద్రతే ముందు. చదును భాగాల్లో మోకాళ్ల ఇబ్బంది లేనివాళ్లకు కర్ర అక్కర్లేదు. అడ్డదారుల మొదట్లో ముళ్లకంప వేయడానికి స్థానికుల అనుమతి, సాయం తీసుకోండి. ఆ కొండ మీద రోజూ నడిచేది వాళ్లే.

వివాదం ఇంకా తీరకపోతే కొలిచి చూడండి. దారికి రెండు వైపులా, కదలని రాయి మీదో చెట్టు మొదట్లోనో రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్య తాడును బిగువుగా, మట్టంగా కట్టండి. తాడు నుంచి నేల వరకు ప్రతి పది సెంటీమీటర్లకు లోతు కొలిచి రాసుకోండి. ఒకటి నిటారు దిగుడులో, ఒకటి మెలిక మలుపులో, ఒకటి అడ్డంగా సాగే చదును దారిలో, ఇలా మూడు చోట్లయినా చేయండి. జూన్‌కు ముందు ఒకసారి, వానలు వెలిశాక నవంబరులో ఒకసారి, జనం తాకిడి తగ్గాక మార్చిలో ఒకసారి అవే గుర్తుల మధ్య మళ్లీ కొలవండి. జూన్ నుంచి నవంబరు దాకా పోయిన లోతు ప్రధానంగా నీటి పని, నవంబరు నుంచి మార్చి దాకా వచ్చిన మార్పు ఎక్కువగా నడక పని. తాడు మధ్య భాగంలో లోతు పెరిగితే అడుగులు, అంచుల దగ్గర పెరిగితే కర్రలూ పక్కదారి నడకా కారణమని అనుకోవచ్చు. ఆ మూడు పట్టికలు నాకు పంపితే, ఏ చోట దారిని మళ్లించాలో, ఏ చోట మెట్టు పడాలో చూసి చెబుతాను.